నయం కాకున్నా నొప్పి తగ్గించాలి



మగ్గాల ఖాతాలో ముప్పై ఏళ్లు పనిచేసిన మన సోదరుడొకడికి క్లోమగ్రంథిలో కేన్సర్ వచ్చింది. ముదిరాక గానీ బయటపడలేదు. చివరి రెండు నెలలూ ఆయన వెల్లకిలా పడుకోలేకపోయాడు. తలగడ కడుపుకు అదుముకొని తెల్లవార్లూ ముందుకు వంగి కూర్చునేవాడు. ఆసుపత్రిలో "ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొండి" అన్నారు. ఇంటివాళ్లు నమ్మారు. పండ్లు పట్టుకొని చూడబోయిన మేమూ నమ్మాము. అది మా తప్పే.

జబ్బు నయం కాదనడం వేరు, నొప్పికి వైద్యం లేదనడం వేరు.

క్లోమం పొట్ట వెనుక, వెన్నెముకకు దగ్గరగా ఉంటుంది. అక్కడే ఒక నరాల గుత్తి ఉంది. గడ్డ పెరిగి ఆ నరాలను పట్టుకుంటే నొప్పి వీపులోకి పొడుచుకుపోతుంది. దీనికి మార్ఫిన్ మాత్రలున్నాయి. సూదిమందుతో ఆ నరాలను మొద్దుబార్చే పద్ధతి ఉంది. రేడియేషన్ కూడా ఉంది. మనవాళ్లు "కరెంటు పెట్టడం" అని భయపడతారు గానీ, అందులో షాకూ లేదు, కోతా లేదు.

2024లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో పలు దేశాల డాక్టర్లు ఒక ఫలితం ప్రకటించారు. ఆ నరాల గుత్తికి ఒకే ఒక్కసారి గట్టి మోతాదు రేడియేషన్ ఇచ్చారు. మూడు వారాల తర్వాత పరీక్షించిన 90 మందిలో 48 మందికి నొప్పి తగ్గింది. అంటే అందరికీ పనిచేయదు. ఇది జబ్బును మాన్పే వైద్యమూ కాదు. కొన్నాళ్లు నీరసం, వికారం ఉండవచ్చు. ఈ కొత్త పద్ధతి అన్నిచోట్లా దొరకదు. కానీ నొప్పి తగ్గడానికి మామూలు రేడియేషన్ ఇవ్వడం ఎప్పటినుంచో ఉన్నదే.

"పోయే ప్రాణానికి ఖర్చెందుకు?" అని కొందరు అడుగుతున్నారు. ఆశ చూపి చేసే వైద్యానికి ఇల్లు అమ్ముకోమని మేము చెప్పము. మిగిలిన రోజుల్లో మనిషి నిద్రపోవాలి, పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడాలి. అది దయాధర్మం కాదు, హక్కు. ఈ.ఎస్.ఐ. చందా మన జీతంలోంచి ప్రతినెలా కోస్తున్నారు. నయం కాదన్న సాకుతో పెద్దాసుపత్రికి చీటీ నిరాకరిస్తే మనం ఊరుకోకూడదు. మిల్లుల నడుమ పరేల్‌లో 1941లో వెలసిన టాటా మెమోరియల్‌లో నొప్పి తగ్గించే వైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది.

కాబట్టి డాక్టరును అడగండి: "నొప్పికి ఏం చేస్తారు? రేడియేషన్ పనికివస్తుందా?" జవాబు దొరకకపోతే కాగితాలు తీసుకొని యూనియన్ ఆఫీసుకు రండి. అర్జీ మేము రాస్తాము, మీ వెంట వస్తాము.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!