మిద్దె మీద మట్టి

నగరంలో బోడి మిద్దె పగలంతా కాగి, ఆ వేడిని రాత్రి గదుల్లోకి దించుతుంది. అక్కడ తోట పెంచితే నీడా, కూరా రెండూ దక్కుతాయని కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి చేసి చూపించారు. అయినా చాలామంది జంకేది శ్లాబు గురించి. ఆ భయం ఉత్తదేం కాదు. చదరపు మీటరులో అడుగు మందాన తడిమట్టి పోస్తే దాదాపు 500 కిలోలు. మనుషులు తిరిగే మిద్దెకు ఇంజనీర్లు మామూలుగా లెక్కగట్టే అదనపు బరువు సుమారు 150 కిలోలే. అందుకే మిద్దెంతా మట్టి పరచకూడదు. కుండీలను దూలాల మీదుగా, గోడల వారగా సర్దాలి. మట్టిలో కొబ్బరిపొట్టు కలిపితే బరువు తగ్గుతుంది. కుండీల కింద రెండేసి ఇటుకలు పెడితే నీరు నిలవదు, చెమ్మ పట్టినా కంటికి తెలుస్తుంది. ఇక రోజూ చూసుకునే తీరికేదంటారా? పాలకూరకు, మెంతికూరకు పొద్దున్నే కాసిన్ని నీళ్లు చాలు. పాత ఇల్లయితే మాత్రం ముందు ఇంజనీరుకు చూపించి, ఆ తర్వాతే మట్టి ఎత్తండి.