పావు ధరకొచ్చిన ఏనుగు

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో మావారు నన్ను మనసుపడి అడిగింది ఒక్కటే, పెద్ద కారు. మా పాత ఆల్టోకి ఏ లోటూ లేదు. పొందూరు నుంచి శ్రీకాకుళం, రాజాం ఎన్నిసార్లు తిప్పిందో! కానీ కుర్రతనం నుంచీ ఆయనకి పెద్ద సెడాన్ మీద మోజు. విశాఖలో పదేళ్ళ నాటి టర్బో పెట్రోలు బండి ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. కొత్తలో 22 లక్షలు పైనే, ఇప్పుడు అయిదున్నర! "ఆ డబ్బుకి కొత్తగా చిన్న కారు కూడా సరిగ్గా రాదు" అన్నారు. లెక్క బాగానే ఉందనిపించింది. ఆల్టో అమ్మిన డబ్బు, ఆయన దాచుకున్నది, పైన నా చీటీ పాడిన రెండు లక్షలు కలిపి కొనేశాం. ఆ చీటీ పాప ఇంజనీరింగు సీటు కోసం వేసింది.

బండి మాత్రం బంగారం. చిలకపాలెం దగ్గర హైవే ఎక్కితే నీళ్ళ మీద పడవలా పోయేది. నడుం నొప్పని ఎక్కడికీ రాని మా అత్తగారు సింహాచలం దాకా హాయిగా నిద్రపోయారు.

నాలుగో నెల్లో ఓ సాయంత్రం మా వీధి మొదట్లోనే గేరు పడటం మానేసింది. మా ఊరి మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, మళ్ళీ దించేశాడు. "దీనికి కంప్యూటరు పెట్టి చూడాలమ్మా, నా వల్ల కాదు" అన్నాడు. బండిని బండి మీద ఎక్కించి వంద కిలోమీటర్ల దూరం విశాఖ పంపాం. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఒక భాగం పోయిందట, లక్షా పదివేలు. ఇన్సూరెన్సు ఉంది కదా అన్నాను. యాక్సిడెంటయితేనే గానీ అరుగుదలకి రాదన్నారు. నా గాజులు బ్యాంకులో పెట్టాం.

అప్పుడు మా అత్తగారన్న మాట: "ఏనుగుని కొన్నోడు అంకుశానికి జడిస్తే ఎలాగమ్మా?"

నేను చెప్పదలచుకున్నదీ అదే. పాత కారుకి ధర పడిపోతుంది గానీ, దాని సామాన్ల ధర పడిపోదు. అయిదున్నర లక్షలకి కొన్నా, అది తినేది 22 లక్షల బండి తిండే. మా ఊరి సన్నఖద్దరు పంచె కొన్నవాళ్ళకి ఈ సంగతి తెలుసు. కొన్న రోజుతో ఖర్చు అయిపోదు, గంజి, ఇస్త్రీ, జాగ్రత్త దాని వెంటే ఉంటాయి.

టర్బో గురించి ఆ విశాఖ మెకానిక్ చెప్పింది నాకు వంటింటి భాషలో అర్థమైంది. ఇంజను వదిలే పొగ వేగంతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అది ఇంజనులోకి గాలిని గట్టిగా నెడుతుంది, అందుకే అంత లాగుడు. ఆ చక్రం నిమిషానికి లక్షసార్లు పైగా తిరగగలదు. దాన్ని కాపాడేది పల్చని నూనె పొరే. హైవే మీద జోరుగా వచ్చి టక్కున ఆపేస్తే, కాలిన మూకుట్లో మిగిలిన నూనెలా అక్కడి ఆయిల్ మాడుతుంది. ఆపేముందు ఒకటి రెండు నిమిషాలు ఇంజను ఊరికే తిరగనివ్వాలి. ఆయిల్ కూడా కంపెనీ చెప్పిన రకమే పోయాలి, చౌకది కాదు. గడువు దాటనివ్వకూడదు. మా బండి పుస్తకంలో 15,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని ఉంది. మేం 10,000కే మారుస్తున్నాం.

కొనేముందు నేను అడగాల్సినవి ఇప్పుడు తెలిశాయి. సర్వీసు బిల్లులన్నీ చూపించమనాలి. తెల్లవారి చల్లటి ఇంజను మనముందే స్టార్టు చేయించాలి. నీలంగా పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టే. గేర్లు కుదుపు లేకుండా మారుతున్నాయో చూడాలి. మన మెకానిక్‌కి కంప్యూటరు పెట్టి చూసే అవకాశం ఇవ్వకపోతే, ఆ బేరం వదులుకోవాలి. అప్పు మీద కొన్న బండయితే బ్యాంకు ఎన్‌ఓసీ అడగాలి. ఆర్‌సీతో పాటు ఇన్సూరెన్సు కూడా మన పేరుకి మారాలి, దానికి 14 రోజులే గడువు.

మీ పాత బండి అమ్మినా అంతే. ఆర్‌సీలో పేరు ఎవరిదుంటే యాక్సిడెంటు బాధ్యత వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మా ఆల్టో కొన్నాయన పేరు మార్చుకునేదాకా నేను వదల్లేదు.

"కార్ల సంగతి మనకెందుకు, వాళ్ళు చూసుకుంటారు" అంటాం. డబ్బు మాత్రం మన చీటీల్లోంచి, మన గాజుల్లోంచి పోతుంది. బేరం రోజున నేను సీటు కవర్ల రంగు గురించి మాట్లాడాను గానీ, "రిపేరొస్తే ఎక్కడ చేయిస్తాం, ఎంతవుతుంది?" అని అడగలేదు. తప్పు మావారిది ఒక్కరిదే అనలేను.

బండి అమ్మలేదు. ఇప్పుడమ్మితే మూడు లక్షలు కూడా రావు, పైగా ఆయన ముఖం చూడలేను. ఒక షరతు పెట్టాను. నెలకి అయిదు వేలు బండి పేరున వేరే ఖాతాలో పడాలి. అది పడని నెల విశాఖ షికార్లు ఉండవు, బస్సే. ఆయన ఒప్పుకున్నారు. గాజులింకా బ్యాంకులోనే ఉన్నాయి. పాపకి ఇంకా రెండేళ్ళ టైముంది. ఈసారి వేసిన చీటీ పాస్‌బుక్కు మాత్రం నా బీరువాలోనే, తాళం నా కొంగుకే.

మీ ఇంట్లో ఎవరైనా పావు ధరకొచ్చిన పెద్ద కారు చూపిస్తే సంబరపడండి, వద్దనకండి. కానీ ధరలో మూడోవంతు మొదటి ఏడాది రిపేర్లకి పక్కన పెట్టగలమా అని ముందు అడగండి. పెట్టగలిగితే కొనుక్కోండి. లేకపోతే ఆల్టోలో కూడా సింహాచలం వెళ్ళొచ్చు.