అడవిలో రాత్రి విడిది: నిషేధం ఒక్కటే చాలదు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం నుంచి టాటానగర్ మార్గంలో గంటలోపు ప్రయాణం చేస్తే ఝార్‌గ్రామ్ సాల వనాలు ఎదురవుతాయి. మేదినీపూర్ దాటి ఉత్తరంగా వెళితే అరాబరి అడవి వస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కార్తీక వనభోజనాల సంప్రదాయం కొత్త కాదు. పగలు చెట్టు నీడన వండుకు తిని సాయంకాలానికి ఇల్లు చేరడం ఒక పద్ధతి. గుడారం వేసుకుని రాత్రి అడవిలోనే గడపాలనే కోరిక ఇటీవలి కాలంలో దేశమంతటా యువతలో పెరుగుతున్నది. దీనిని ప్రభుత్వం ఏ విధంగా క్రమబద్ధం చేయాలన్నదే నేటి ప్రశ్న.

అమెరికాలో వ్యవసాయ శాఖ అధీనంలోని అటవీ సర్వీసు 1905లో ఏర్పడింది. దాని పరిధిలో దాదాపు 19 కోట్ల ఎకరాల జాతీయ అడవులున్నాయి. నిర్ణీత విడిది స్థలాలకు వెలుపల కూడా గుడారం వేసుకునేందుకు వాటిలో అనేక చోట్ల అనుమతి ఉంది. సాధారణంగా 14 రోజులకు మించి ఒకేచోట ఉండరాదు, నీటి వనరులకు దూరంగా ఉండాలి, చెత్తను వెంట తీసుకుపోవాలి. ఎండలు ముదిరితే నిప్పు రాజేయడాన్ని పూర్తిగా నిషేధిస్తారు. ఏ దారిన వాహనం పోవచ్చునో తెలిపే పటాలను ప్రజలకు అందుబాటులో ఉంచుతారు.

మన దేశంలో పరిస్థితి ఇందుకు భిన్నం. 1927 నాటి భారత అటవీ చట్టం 26వ సెక్షన్ రిజర్వు అడవులలో అక్రమ ప్రవేశాన్ని, నిప్పు పెట్టడాన్ని నేరంగా పరిగణిస్తుంది. రక్షిత అడవుల విషయంలో 32వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వాలు నియమాలు రూపొందిస్తాయి. అభయారణ్యాలలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పర్యాటకులకు పర్మిటు తప్పనిసరి. ఈ కట్టుబాట్లను అధికారుల చాదస్తంగా కొట్టివేయడం తగదు. 2018 మార్చిలో తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో కార్చిచ్చుకు చిక్కి ఇరవై మందికి పైగా పర్వతారోహకులు బలైన ఉదంతం మరపునకు రాదు. అదే ఏడాది ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు హిమాలయ పచ్చిక మైదానాలలో రాత్రి బసను నిషేధించింది.

ఖరగ్‌పూర్ పరిసరాలలో ప్రమాదం మరింత ప్రత్యక్షమైనది. 1980 దశకం చివరి నుంచి దల్మా కొండల ఏనుగుల మందలు ఏటా ఈ అడవులలోకి దిగి, వరి పండే వేళకు పొలాల మీద పడుతున్నాయి. సరిగ్గా ఆ నెలలలోనే చలికాలపు విహారయాత్రలూ జోరందుకుంటాయి. వసంతంలో రాలిన సాలపత్రాలు నేలంతా పరచుకుని ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ చాలు, ఆకులు కుట్టి, కట్టెపుల్లలు ఏరి పొట్ట పోసుకునే సంతాల్, లోధా కుటుంబాల జీవనాధారం బూడిద కావడానికి. అమెరికా తరహా స్వేచ్ఛను ఇక్కడ యథాతథంగా దిగుమతి చేసుకోజాలమనడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

అయితే నిషేధం ఒక్కటే పరిష్కారం కాదు. ఎక్కడ అనుమతి ఉన్నదో, ఎవరిని అడగాలో తెలియని స్థితిలో సామాన్యుడు చాటుగా అడవిలోకి వెళతాడు. డబ్బున్నవాడు రిసార్టులో గది తీసుకుంటాడు. 2023లో అటవీ సంరక్షణ చట్టానికి చేసిన సవరణ అటవీ కార్యప్రణాళికలలో చేర్చిన పర్యావరణ పర్యాటక సదుపాయాలను అటవీయేతర వినియోగం నిర్వచనం నుంచి మినహాయించింది. ఈ వెసులుబాటు పెద్ద కట్టడాలకే దారి తీస్తే అడవికీ, అడవి అంచు పల్లెకూ మిగిలేది నష్టమే.

మార్గం అన్వేషించడానికి దూరం పోనక్కరలేదు. 1972లో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ అరాబరిలో 11 గ్రామాలకు చెందిన 618 కుటుంబాల సహకారంతో 1,272 హెక్టార్ల క్షీణించిన అడవి పునరుద్ధరణ చేపట్టారు. ఆదాయంలో 25 శాతం వాటా గ్రామస్థులకు దక్కేలా ఏర్పాటు చేశారు. 1990లో కేంద్రం జారీ చేసిన ఉమ్మడి అటవీ యాజమాన్య మార్గదర్శకాలకు ఈ అనుభవం ప్రేరణ అయింది. ఆంధ్రప్రదేశ్‌లోని మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులు పర్యాటకుల విడిదిని నిర్వహించిన అనుభవమూ ఉన్నది.

ఈ బాటలోనే పశ్చిమ మేదినీపూర్, ఝార్‌గ్రామ్ జిల్లాలలో గ్రామ అటవీ రక్షణ కమిటీల అజమాయిషీ కింద కొన్ని చిన్న విడిది స్థలాలను గుర్తించి ప్రకటించాలి. పక్కా కట్టడాలు కూడదు. నామమాత్రపు రుసుము వసూలు చేసి కమిటీకే చెందనివ్వాలి. ఏనుగులు తిరిగే రోజులలోనూ, వేసవి ముంగిట ఆకురాలు కాలంలోనూ ఆ స్థలాలను మూసివేయాలి. ఈ వివరాలను బెంగాలీ, హిందీలతో పాటు తెలుగులోనూ ఖరగ్‌పూర్ స్టేషన్‌లో ప్రదర్శించడం పెద్ద పని కాదు. అడవిని కాపాడుతున్న పల్లెకు ప్రతిఫలం, చూడవచ్చిన కార్మిక కుటుంబానికి భద్రత రెండూ ఒకే ఏర్పాటులో సమకూరే వీలున్నప్పుడు ప్రభుత్వం ఉపేక్ష వహించడం సమర్థనీయం కాదు.