గట్టు మీది గడ్డిపిట్టని పిచ్చుక అనుకుని తరమకండి

పోయిన సార్వాలో మా సరిహద్దు గట్టు దగ్గర జరిగిన చిన్న మాటామాటాతో మొదలుపెడతాను. అవతలి చేను మా బాబాయిది. గట్టు ఇద్దరిదీ. ఒకరోజు పొద్దున్నే ఆయన స్ప్రేయర్ భుజాన వేసుకుని గట్టు మీద కలుపు మందు కొట్టడానికి వచ్చారు. "నీ గడ్డి వల్లేరా పిచ్చుకలన్నీ ఇక్కడ చేరుతున్నాయి. రేపు గింజ పాలు పోసుకోగానే ముందు నా చేనే తినేస్తాయి" అన్నారు. అంతలో ఆ గడ్డిలోంచే ఒక పిట్ట లేచింది. గాల్లో ఎగుడుదిగుడుగా పోతూ, ఎగిరిన ప్రతిసారీ "జిట్... జిట్..." అంటూ, గిరుక్కున తిరిగి మళ్ళీ గడ్డిలో దూరిపోయింది. "అదిగో చూడు" అన్నారు బాబాయి. అది పిచ్చుక కాదు అంటే నమ్మలేదు. ఆయన్ని తప్పు పట్టలేను. నాలుగేళ్ళ కిందటి దాకా నేనూ దాన్ని పిచ్చుకే అనుకున్నాను.

మన వైపు దీనికి వేరే పేరు పెద్దగా వినపడదు. గోధుమరంగులో చిన్నగా ఉండి చారలున్న ప్రతి పిట్టా మనకి పిచ్చుకే. పక్షుల పుస్తకాల్లో దీన్ని జిట్టింగ్ సిస్టికోలా అంటారు. ఆ కూతని బట్టి వచ్చిన పేరే. పొడవు 10 సెంటీమీటర్లు, బరువు పది గ్రాములు కూడా కష్టమే.

ఇబ్బంది ఎక్కడంటే, వీపు చూస్తే అన్నీ ఒకలాగే ఉంటాయి. ఆడ ఊరపిచ్చుకకీ చారలే, గిజిగాడికీ చారలే, దీనికీ చారలే. అందుకే వీపు వదిలేసి ముక్కు చూడండి. గింజ నమిలే పిట్టకి ముక్కు పొట్టిగా, లావుగా ఉంటుంది. దీనిది సన్నగా సూదిలా ఉంటుంది. దాంతో వడ్లగింజ పొట్టు తీయడం జరిగే పని కాదు. తర్వాత తోక చూడండి. పొట్టిగా ఉంటుంది, కిందకి దిగేటప్పుడు విసనకర్రలా విప్పుతుంది. అప్పుడు ఈక కొసన తెలుపు, దానికి కొంచెం పైన నల్లమచ్చ కనపడతాయి. గట్టు మీద రాలిన తోక ఈక దొరికినా ఆ నలుపూ తెలుపూ చూసి పోల్చుకోవచ్చు, ఆ ఈక మన చిటికెన వేలంత కూడా ఉండదు. తోక దగ్గర నడుము భాగం ఇటుక రంగులో ఉంటుంది. పొట్ట తెల్లగా, చారలు లేకుండా ఉంటుంది.

జమ్ము, కిక్కిస ఉన్న నీటి అంచుల్లో గూళ్ళు అల్లే చారల గిజిగాడికైతే రొమ్ము మీద కూడా చారలుంటాయి, ముక్కు లావు. మన వరి కంకుల మీద గుంపుగా పడేవి మునియాలు. వాటికీ లావు ముక్కే, వీపు మీద మాత్రం ఇలాంటి నల్లచారలుండవు. గడ్డిపిట్ట గుంపు కట్టదు. గట్టు మీద ఒకటో రెండో, అంతే.

తినేది పురుగులు. చిన్న మిడతలు, గొంగళి పురుగులు, సాలీళ్ళు. జీవామృతం పోసి, నవధాన్యాలు చల్లి, మిత్రపురుగుల కోసం బంతిమొక్కలు పెట్టే మనమే, జీతం లేకుండా పనిచేసేదాన్ని గట్టు మీంచి తరిమేస్తున్నాం.

గూడు చూస్తే ముచ్చటేస్తుంది. పచ్చి గడ్డి ఆకుల్నే సాలెగూటి దారంతో దగ్గరికి కట్టి, నేలకి కొంచెం ఎత్తులో సంచిలా చేస్తుంది. ఆ ఆకులు బతికే ఉంటాయి కాబట్టి పక్కనే నిలబడినా గూడు ఉన్నట్టు తెలీదు. మగది మొదలుపెడితే, ఆడది లోపల మెత్తగా పరుస్తుంది. కట్టేది వానాకాలంలో, అంటే సరిగ్గా మనం గట్లు చెక్కే రోజుల్లో. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి పిల్ల ఎగిరే దాకా దాదాపు నెల పడుతుంది. బ్రష్ కట్టర్‌కి అరగంట చాలు.

కొల్లేరు పక్షులంటే అందరికీ ఆటపాక గూడకొంగలే గుర్తొస్తాయి. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది, 2002లో రాంసర్ జాబితాకెక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. ఈ గొడవంతా నీటి గురించి, పెద్ద పక్షుల గురించి. సరస్సు చుట్టూ ఉండే గడ్డినేల గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. ఏలూరు నుంచి కైకలూరు దాకా, ఇటు తాడేపల్లిగూడెం కాలవల కింద పొలాల్లో కూడా, దున్నని నేల ఎంతుంది చెప్పండి? చేల గట్లు, చెరువు గట్లు, మురుగుకాలవ ఒడ్లు. ఈ పిట్టకి మిగిలిన గడ్డినేల అదే. దాన్నే మనం గుండు గీసినట్టు చెక్కేస్తే అదెక్కడికి పోతుంది?

ఎలకల సంగతేంటి అని అడుగుతారు, తెలుసు. గట్టు గడ్డి పట్టిపోతే ఎలక బొరియలు కనపడవు, పాములుంటాయని కూలీలు దిగరు. రెండూ నిజమే. అందుకే గడ్డి కొయ్యొద్దని నేననను. గట్టంతా ఒకేరోజు కొయ్యొద్దంటాను. నేను సగం పొడవు కోసి గేదెలకి వేస్తాను, మిగతా సగం నెల దాటాక కోస్తాను. బొరియలు కోసినవైపు వెతికి పూడ్చుకుంటాను. కోసే ముందు పది నిమిషాలు దూరంగా కూర్చుని చూస్తాను. పిట్ట నోట్లో పురుగు పెట్టుకుని ఒకేచోట మాటిమాటికీ దిగుతుంటే అక్కడ పిల్లలున్నట్టే. ఆ రెండు గజాలూ వదిలేస్తాను. బ్రష్ కట్టర్ ఆ ముక్కకి వద్దు, కొడవలే.

ఇక కలుపు మందు. మనం వాడం, కానీ సరిహద్దు గట్టు మీద పక్కవాళ్ళు కొడతారు. ప్రకృతి వ్యవసాయం అని బోర్డు పెట్టుకున్న పొలాల్లో కూడా ఇది ఎవరూ మాట్లాడరు, మొహమాటం. ఆ మొహమాటం నాకూ ఉండేది. ఆరోజు మాత్రం స్ప్రేయర్ కింద పెట్టించి, బాబాయిని గట్టు మీద కూర్చోబెట్టి ముక్కు చూడమన్నాను. ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూపించాను. మీరు వీడియోలో చూసే బొమ్మ అదే, చెయ్యి వణికింది, ఏమీ అనుకోకండి.

"సరే, గడ్డి నువ్వే కోయించు, కూలి నాకు పడకూడదు" అన్నారాయన. ఒప్పుకున్నాను. పాలు పోసుకునే రోజుల్లో మునియాలు రానే వచ్చాయి. ఆయన చేలోనూ పడ్డాయి, నా చేలోనూ పడ్డాయి. ఇద్దరం కలిసి డబ్బా కొట్టుకున్నాం.