చేదు బీరూ, చిన్న రసాలూ

మాది నూజివీడు పక్కన పల్లెటూరు. ఈ మాట ఎవరితో అన్నా వెంటనే వచ్చే ప్రశ్న, "ఈసారి మామిడిపళ్ళు ఎప్పుడు తెస్తున్నావు?" అని. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో నా కోడు గురించి అడిగినవాళ్ళకన్నా మా పళ్ళ గురించి అడిగినవాళ్ళే ఎక్కువ. కానీ ఇవాళ చెప్పబోయేది పళ్ళ గురించి కాదు, ఇంగ్లండులో తాగే బిట్టర్ అనే బీరు గురించి. (చివరికి మళ్ళీ పళ్ళ దగ్గరికే వస్తాననుకోండి, అది వేరే విషయం.) మందు అలవాటు లేనివాళ్ళని మొదలుపెట్టమనడం నా ఉద్దేశం కాదని ముందే మనవి చేసుకుంటున్నాను.

2007లో ఆన్‌సైటు పేరుతో నన్ను లీడ్స్‌కి పంపించారు. చలికాలం మొదలవుతోంది. మొదటి శుక్రవారం సాయంత్రం క్లయింటు టీమువాళ్ళు పబ్బుకి లాక్కెళ్ళారు. అక్కడ బల్లమీద వరసగా పొడుగాటి చెక్క పిడులు. ఒక్కోదానికి ఒక్కో బీరు పేరు తగిలించి ఉంది. "బిట్టర్ తాగుతావా?" అన్నాడు మా టెస్టింగు లీడు. పేరులోనే చేదు పెట్టుకున్న సరుకుని డబ్బిచ్చి కొనుక్కోవడమేమిట్రా బాబూ అనుకున్నా. కానీ కొత్తగా వచ్చినవాణ్ణి, కాదంటే ఏమనుకుంటారోనని తలూపాను.

పబ్బు ఆవిడ బోరింగు పంపు కొట్టినట్టు పిడి పట్టుకుని లాగింది. ఒక పింటు, అంటే 568 మిల్లీలీటర్లు. రాగిచెంబు రంగు, పైన మీగడలాంటి నురగ. నోట్లో పోసుకున్నాక చెప్పాలి నా అవస్థ. మొదటిది, చల్లగా లేదు. మనకి బీరు అంటే సీసా పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోవాలి కదా. నూజివీడు మే నెలలో పుట్టి పెరిగినవాడికి కూల్‌డ్రింకైనా బీరైనా చల్లగా లేకపోతే అది పానీయమే కాదు. రెండోది, గ్యాసు లేదు. సీసా మూత తీసి మర్చిపోయిన సోడాలా ఉంది. మూడోది, చేదు. మింగాక అసలు చేదు నాలుక వెనక నుంచి మొదలైంది. కాకరకాయ కూరలో బెల్లం వెయ్యడం మర్చిపోయినట్టుంది.

"ఎలా ఉంది?" అన్నాడు. "బాగుంది" అన్నా. అబద్ధం. "అయితే ఇంకోటి తెస్తానుండు" అన్నాడు! అక్కడ ఒక్కొక్కరు వంతుగా అందరికీ కొనిపెట్టడం ఆచారం. అలా చేసిన అబద్ధానికి శిక్షగా రెండోది కూడా తాగాను.

ఇంకో నెల అలాగే గడిచింది. మొహమాటానికి తాగడం, బయటికొచ్చాక తిట్టుకోవడం. ఒకరోజు పబ్బు ఖాళీగా ఉంటే ఆవిణ్ణి అడిగేశాను, "మీ ఫ్రిజ్ పాడైందా?" అని. ఆవిడ నవ్వి, కింద నేలమాళిగలోకి తీసుకెళ్ళి చూపించింది. నా బుర్ర తిరిగింది అక్కడే.

పైన పిడి లాగితే వచ్చేది ఫ్యాక్టరీలో పూర్తయిపోయిన బీరు కాదట. పీపాలోకి ఎక్కించేటప్పుడు అందులో ఈస్టు బతికే ఉంటుంది. పబ్బుకొచ్చాక కూడా ఆ పీపాలో పులవడం సాగుతూనే ఉంటుంది. పీపాని కదలకుండా పడుకోబెట్టి, పైన చిన్న చెక్క మేకు దిగ్గొట్టి, ఎక్కువైన గ్యాసుని మెల్లగా వదిలి, ఒకటి రెండు రోజులు తేరుకోనిస్తారు. గది వేడి పదకొండు నుంచి పదమూడు డిగ్రీల మధ్య ఉంచుతారు. అంతకన్నా చల్లబరిస్తే రుచి ముడుచుకుపోతుంది, వేడెక్కితే పాడవుతుంది. పీపా తెరిచి పొయ్యడం మొదలుపెట్టాక లోపలికి గాలి వెళుతుంది కాబట్టి సుమారు మూడు రోజుల్లో అయిపోవాలి. లేదంటే పులిసి వెనిగరు వాసన కొడుతుంది. (అన్నట్టు, బీరుని తేర్చడానికి ఎండబెట్టిన చేప తిత్తి నుంచి తీసిన పదార్థం వాడే అలవాటు ఉంది. ఈ సంగతి చెప్పగానే శాకాహారి అయిన మా రూమ్మేటు మొహం చూసి తీరాల్సిందే. :-))

ఆవిడ చెబుతుంటే నాకు మా చేనిగట్టు గుర్తొచ్చింది. గట్టుమీద తాడిచెట్లు. పొద్దున్నే కల్లు గీసే బాబాయి మోకు వేసుకుని దిగేసరికి మా తాతయ్య చెట్టుకింద సిద్ధంగా ఉండేవాడు. పొద్దుటి కల్లు తీపి, మధ్యాహ్నానికి ఘాటు, సాయంత్రానికి పులుపు, మర్నాటికి పారబోతే. ఏ చెట్టు కల్లు ఎలా ఉంటుందో తాతయ్య ముంత వాసన చూసి చెప్పేవాడు. నేను ఇంజినీరింగులో ఉండగా కల్లు అంటే మోటు, బీరు అంటే హోదా అనుకునేవాణ్ణి. తీరా లీడ్స్‌లో ఒక నేలమాళిగలో నిలబడి తెలుసుకున్నదేమంటే, ఇంగ్లండు దొరలు గర్వంగా చెప్పుకునే బీరుకీ మా తాతయ్య ముంతకీ మూలసూత్రం ఒకటే అని. రెండూ బతికున్న సరుకులు. రెండూ పుట్టిన చోటుకి దగ్గరలోనే తాగాలి.

ఆ రాత్రి పైకొచ్చి మళ్ళీ ఒక పింటు తీసుకున్నా. కీత్లీ అనే దగ్గర ఊళ్ళో తయారయ్యే ల్యాండ్‌లార్డ్ అనే బిట్టరు. ఈసారి గుటకలు వెయ్యకుండా మెల్లగా తాగాను. ముందు బిస్కట్టులాంటి మాల్టు రుచి, తర్వాత నారింజ తొక్క వాసన, చివర్లో ఆ చేదు. హాప్స్ అనే తీగపువ్వుల చేదు అది. ఉగాది పచ్చడిలో వేపపువ్వు లాగా, ఒక్కదాన్నీ తింటే ఉమ్మేస్తాం, మిగతావాటితో కలిస్తే అదే లేకపోతే బాగోదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నాకు నచ్చింది.

ఇక్కడో చరిత్ర ఉంది. మన పక్కనున్న మచిలీపట్నానికి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లోనే వచ్చింది. తర్వాతి కాలంలో ఇండియాలో ఉన్న దొరల కోసం ఓడల్లో బీరు పంపేవాళ్ళు. నెలల తరబడి సముద్రంమీద నిలవుండాలని హాప్స్ దండిగా వేసేవాళ్ళు. ఇప్పుడు మన హైదరాబాదు, బెంగుళూరు బ్రూ పబ్బుల్లో కుర్రాళ్ళు తాగే ఐపీఏ పేరులో ఇండియా ఉన్నది అందుకే. ప్రయాణం చేసింది పేరు తెచ్చుకుంది. ఇంటిదగ్గర ఉండిపోయిన బిట్టరు ఇంటిదగ్గరే ఉండిపోయింది.

అది కూడా దాదాపు పోయేదే. 1960లలో పెద్ద కంపెనీలు చిన్న బ్రూవరీలని కొనేసి, వడకట్టి, వేడిచేసి ఈస్టుని చంపేసి, బయటి గ్యాసు ఎక్కించిన బీరుని పబ్బులకి తోలడం మొదలుపెట్టాయి. వాళ్ళ వైపు నుంచి చూస్తే న్యాయమే. పాడవదు, ఎంత దూరమైనా వెళుతుంది, ఎక్కడ తాగినా ఒకటే రుచి. మన భాషలో చెప్పాలంటే స్కేలవుతుంది. అప్పుడు 1971లో సెలవులకి ఐర్లండు వెళ్ళిన నలుగురు కుర్రాళ్ళు దేశంలో బీరు పాడైపోతోందని విసుక్కుంటూ ఒక సంఘం పెట్టారు. అదే కామ్రా. తర్వాత దాని సభ్యులు లక్ష దాటారు. మంచి బీరు ఏ పబ్బులో దొరుకుతుందో పుస్తకాలు వేశారు. ఇవాళ్టికీ పబ్బుల్లో ఆ చెక్క పిడులు మిగిలున్నాయంటే వాళ్ళ చలవ చాలా ఉంది.

సరే, ఇదంతా ఇప్పుడెందుకంటారా? వస్తున్నా.

2022లో మా నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. ఆ వేసవిలోనే నాన్న ఫోను చేసి, "ఒరేయ్, రసాల చెట్లు కొట్టించేసి పామాయిలు వేద్దామనుకుంటున్నా" అన్నాడు. మా తోటలో బంగినపల్లి, కలెక్టరు, ఓ ఇరవై చిన్న రసం చెట్లు ఉన్నాయి. తాతయ్య నాటినవి. చిన్న రసం తెలియనివాళ్ళకి ఒక మాట. అది కోసుకుని తినే పండు కాదు. చేత్తో మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, జీడి కారనిచ్చి, నోటికి పెట్టుకుని జుర్రుకోవడమే. చేతులు, చొక్కా, మూతి అన్నీ పాడవుతాయి.

నాకు కోపం వచ్చింది. తాతయ్య చెట్లు, నూజివీడు పరువు, సంస్కృతి అంటూ ఓ పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. నాన్న అంతా విని, "బంగినపల్లి లారీ ఎక్కినా తట్టుకుంటుంది. కలెక్టరు కాయ రసం ఫ్యాక్టరీకి పోతుంది. చిన్న రసం పండాక రెండు మూడు రోజులు. నున్న మార్కెట్టుకి తోలితే రేటు రాదు, ఆపితే కుళ్ళిపోతుంది. పామాయిలు గెలలైతే ఫ్యాక్టరీ కొనుక్కుంటుంది" అన్నాడు. ఆగి, మెల్లగా అడిగాడు, "అవున్రా, పోయిన ఏడాది నువ్వు ఎన్ని రసాలు తిన్నావు?"

హతవిధీ! సమాధానం సున్నా. మే నెలలో రిలీజు ఉందని ఊరు వెళ్ళలేదు. హైదరాబాదులో సూపర్ మార్కెట్టులో ఒకే సైజు బంగినపల్లి పెట్టె కొని, ముక్కలు కోసి ఫోర్కుతో తిన్నాం. పిల్లల చొక్కాలు పాడవకుండా.

అప్పుడర్థమైంది లీడ్స్ నేలమాళిగలో నేను సగం పాఠమే నేర్చుకున్నానని. బతికున్న రుచి గొప్పదని తెలుసుకున్నా. కానీ దాన్ని బతికించేది పొగడ్త కాదు. ఆ నలుగురు కుర్రాళ్ళు బిట్టరు మన సంస్కృతి అని వ్యాసాలు రాసి ఇంటికెళ్ళి సీసా బీరు తాగలేదు. వెళ్ళి ఆ పింటే అడిగి తాగారు, దొరకని చోట ఎందుకు లేదని నిలదీశారు. పీపా మూడు రోజుల్లో ఖాళీ అవ్వాలంటే మూడు రోజులూ తాగేవాళ్ళు రావాలి. అది లేకుండా పబ్బువాళ్ళని నష్టానికి పీపా తెరవమనడం ఎంత అన్యాయమో, నాన్నని నా జ్ఞాపకాల కోసం చెట్లు ఉంచమనడం అంతే అన్యాయం.

మన వృత్తిలో స్కేలవ్వనిది దేనికీ పనికిరాదనే నమ్మకం మనకి తెలియకుండానే ఒంటికి పడుతుంది. అన్నానికి, పండుకి, పానీయానికి కూడా అదే కొలత పెడుతున్నాం. ఎంత దూరం వెళుతుంది, ఎన్నాళ్ళు నిలవుంటుంది, ఎక్కడ కొన్నా ఒకేలా ఉంటుందా అని. ఈ మూడింట్లోనూ చిన్న రసం ఫెయిలు. బిట్టరు ఫెయిలు. పొద్దుటి కల్లు మరీ ఫెయిలు. ఆ కొలతతోనే చూస్తే చివరికి మిగిలేది లారీ ఎక్కగలిగినది మాత్రమే.

మర్నాటి వేసవికి మా అపార్టుమెంటులో, ఆఫీసులో తెలిసినవాళ్ళని ఏప్రిల్‌లోనే అడిగి, ముందే డబ్బులు తీసుకున్నా. నలభై ఇళ్ళు తేలాయి. ఎండుగడ్డిలో మాగేసిన రసాలు పెట్టెల్లో రాత్రికి రాత్రి తెచ్చి, తెల్లారేసరికి పంచాం. కొన్ని దారిలో చితికాయి. ఇద్దరు డబ్బులు వెనక్కి అడిగారు, ఇచ్చాను. మిగతావాళ్ళు మళ్ళీ ఎప్పుడన్నారు. అప్పటినుంచి ప్రతి వేసవీ ఇదే పని.

కథ సుఖాంతమని మాత్రం అనుకోకండి. నలభై ఇళ్ళు ఇరవై చెట్లని మొయ్యలేవు. నాన్న లెక్క వేసుకుని పన్నెండు కొట్టించాడు. అక్కడ ఇప్పుడు పామాయిలు మొక్కలున్నాయి. ఎనిమిది ఉంచాడు. "నీ వాళ్ళు ఎంత తింటే అన్ని చెట్లు" అన్నాడు. ఇంతకన్నా న్యాయమైన ఒప్పందం నేనింతవరకూ సంతకం చెయ్యలేదు.

ఈసారి మే నెలలో మీరు కూడా ఒక్క డజను రసాలు వెతికి కొనండి. నూజివీడువే కానక్కర్లేదు, మీ ఊరివైనా సరే. చొక్కా పాడైతే ఉతుక్కోవచ్చు.