రోదసికి నిచ్చెన ఎవరిది?

పట్టుదల వుంటే చాలు, చుక్కల్లోకైనా పోవచ్చునని మన పత్రికలు మళ్ళీ మళ్ళీ చెబుతున్నాయి. 2021 జులై 11న బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ వారి నౌకలో వెళ్ళివచ్చినప్పుడు యీ పాట అందుకున్నారు. 2024 మే 19న విజయవాడకు చెందిన తోటకూర గోపీచంద్ బ్లూ ఆరిజిన్ వారి రాకెట్టులో వెళ్ళినప్పుడు రెండో చరణం పాడారు. "మన తెలుగువారు" అని రొమ్ము విరుచుకోవడం సరేసరి. ఇందులో వున్న అబద్ధం చిన్నది కాదు. నాగిరెడ్డిపేట మండలంలో సర్కారు బడిలో చదివే పిల్ల యీ మాట నమ్మితే, రేపు తాను పోలేకపోయినందుకు లోపం తన పట్టుదలలోనే వున్నదనుకుంటుంది. ఆ పిల్ల కోసమే యీ వాదం.

శిరీష పట్టుదలను ఎవరూ కాదనలేరు. ఆమెది చిన్ననాటి కోరిక. చూపు లోపంవల్ల పైలటు దారీ, నాసా దారీ మూసుకుపోతే, పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి, ప్రైవేటు కంపెనీలో చేరి, చుట్టుదారిన అక్కడికి చేరింది. నౌకలో షికారుకు కూర్చోలేదు. ఫ్లారిడా విశ్వవిద్యాలయంవారి మొక్కల ప్రయోగాన్ని స్వయంగా నిర్వహించింది. నౌక సుమారు 86 కిలోమీటర్ల ఎత్తు చేరింది. అంతా నిజమే. కాని ఆ చుట్టుదారి ఎక్కడిది? కుటుంబం అమెరికా చేరగలగడం, అక్కడి చదువు, అక్కడి కంపెనీ: వీటన్నిటినీ చెరిపివేసి, మిగిలిన పట్టుదల నొక్కదాన్నే చూపించి "ఇది చాలు" అనడం పచ్చి భావవాదం. అదే కంపెనీ ఆ యేడే టిక్కెట్టు వెల 4,50,000 డాలర్లని ప్రకటించింది. దాన్ని ఏ పట్టుదలతో కొనాలో యీ పత్రికలు చెప్పవు.

పట్టుదల లెక్కే తేల్చుకోవాలంటే, గోపీచంద్ వెళ్ళిన నౌకలోనే సాక్షి వున్నాడు. ఎడ్ డ్వైట్ అనే నల్లజాతి పైలటు. 1960 దశకం తొలి సంవత్సరాల్లో అమెరికా వాయుసేన అతణ్ణి వ్యోమగామి శిక్షణకు తీసుకున్నది. మొట్టమొదటి నల్లజాతి వ్యోమగామి అవుతాడని పత్రికలు ఫొటోలు వేశాయి. నాసా మాత్రం ఎంచుకోలేదు. 1966లో వాయుసేన విడిచి, తరువాత శిల్పి అయ్యాడు. పైకి వెళ్ళేసరికి అతనికి 90 యేళ్ళు. వెళ్ళింది సుమారు పది నిమిషాలకు, సంస్థలు చందా యిచ్చిన సీటులో. అరవై యేళ్ళపాటు అతనిలో లోపించింది పట్టుదలా?

మన దేశపు దారి మాత్రం విశాలమైనదా? గగన్‌యాన్ కోసం 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన నలుగురూ వాయుసేన పైలట్లే, నలుగురూ పురుషులే. హైదరాబాదులో చదువుకొని 1984లో సోవియట్ నౌకలో వెళ్ళిన రాకేశ్ శర్మదీ అదే దారి. ఆ దారిలో ఒక మెట్టయిన జాతీయ రక్షణ అకాడమీలో ఆడపిల్లలు అడుగుపెట్టింది 2022లో. అదీ సుప్రీంకోర్టు చెప్పిన తరువాత. తొలి ప్రయాణానికి ఆరితేరిన పైలట్లే కావాలనడంలో న్యాయం వుండవచ్చు. ఆ పైలట్లు ఏ యిళ్ళలోంచి, ఏ బడుల్లోంచి వస్తున్నారన్నదే ప్రశ్న.

1963 జూన్ 16న రోదసిలోకి వెళ్ళిన వాలెంతీనా తెరిష్కోవా నూలుమిల్లు కార్మికురాలు. పనిచేస్తూనే చదువుకున్నది. వూళ్ళోని వైమానిక క్లబ్బులో పారాచ్యూటు దూకడం నేర్చుకున్నది. మిల్లు పిల్లకు అందేటంత దగ్గరలో ఆ క్లబ్బు వుండడమే అసలు సంగతి. (సోవియట్ భక్తులు దీన్ని కూడా చదవాలి: ఆమె తరువాత మరొక సోవియట్ స్త్రీని పంపడానికి 19 యేళ్ళు పట్టింది.)

ఇక మనవాళ్ళలోనే వొక వాదం వున్నది: కూడు లేనివాడికి రోదసి ఎందుకని. వినడానికి పేదల పక్షంలాగే వుంటుంది. 2025 ఆగస్టు ఆఖరున కామారెడ్డి, మెదకు జిల్లాల్లో కుండపోతగా వాన కురిసి, నాగిరెడ్డిపేట మండలంలోని పోచారం ప్రాజెక్టు కట్ట నిలుస్తుందా అని దిగువ పల్లెలు హడలిపోయాయి. నిజాం కాలంలో కట్టిన కట్ట అది. అలాంటి రాత్రి మబ్బుల రాక చెప్పే ఉపగ్రహం రైతుకూ కూలికీ విలాసమా? శ్రీహరికోటలో రాకెట్ల కోసం యానాదులు తమ దీవిని వదిలి కదలవలసివచ్చింది. ఆ శాస్త్రం వాళ్ళ పిల్లలదీ కావాలని అడగడం మానేసి, శాస్త్రమే వద్దనడం పెత్తందారులకు పని తేలిక చేయడమే.

రోదసి 100 కిలోమీటర్ల ఎత్తున మొదలవుతుందని వొక లెక్క. నాగిరెడ్డిపేటనుంచి హైదరాబాదు దూరమూ ఇంచుమించు అంతే. ఆ రెండో దూరాన్ని చదువుకోసం దాటడానికే భూమి తాకట్టు పెట్టే కుటుంబాలున్నచోట "కల కనండి" అని ఉపన్యాసమిచ్చి, శాలువా కప్పించుకొని వెళ్ళే అతిథుల్ని మన కాలేజీలు ఇక పిలవడం మానాలి. పిలిస్తే, వేదిక దిగేముందు అడగవలసినవి వున్నాయి. ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఎన్ని సర్కారు బడుల్లో భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడున్నాడు? ఎన్నిచోట్ల ప్రయోగశాల తాళం తీస్తున్నారు? దూరదర్శినిలోంచి శనిగ్రహపు వలయాన్ని వొక్కసారైనా చూసిన పిల్లలెందరు? కళ్ళజోడున్న ఆడపిల్లకు గగన్‌యాన్ తరువాతి జట్టులో శాస్త్రజ్ఞురాలిగా చోటుంటుందా, వుంటే దరఖాస్తు ఎక్కడ పెట్టుకోవాలి?