మంటలు సోఫా రంగుకి సరిపోయాయట!

మొన్న మా వదినగారి గృహప్రవేశానికి వెళ్ళాను. ఇక్కడే, రాజాంలోనే, పాలకొండ రోడ్డు వైపు కట్టుకున్నారు. బూరెలు, పులిహోర బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే తిన్నయింటి గోడలు లెక్కపెట్టిందంటారు. కానీ ఏం చెయ్యను, నా గొడవంతా ఆ గోడతోనే!

హాల్లో సోఫా వెనక ఆరడుగుల క్యాన్వాసు బొమ్మ. బొబ్బిలి యుద్ధం. గుర్రాలు, ఫిరంగులు, పైకెత్తిన కత్తులు, వెనకాల భగభగ మండుతున్న కోట.

"ఎలా ఉందమ్మా?" అంది వదిన మురిసిపోతూ. "ఆ మంటల రంగు చూశావా? కుషన్లకి అచ్చంగా సరిపోయింది. మీ అన్నయ్య అందుకే ఇది తెప్పించారు."

ఇంతలో ఎనిమిదేళ్ళ మా మేనకోడలు నా చెంగు పట్టుకుని, "అత్తా, ఆ మంటల్లో ఎవరున్నారు?" అంది.

"ఎవరూ లేరే, ఉత్త బొమ్మ" అంది వాళ్ళమ్మ. నా గొంతులో బూరె అడ్డుపడింది.

ఎవరూ లేరా వదినా! 1757 జనవరి 24న బుస్సీ దొర ఫ్రెంచి ఫిరంగులూ, విజయనగరం విజయరామరాజు సేనలూ బొబ్బిలి కోటని చుట్టుముట్టాయి. కోట నిలవదని తేలిపోయాక లోపలున్న ఆడవాళ్ళనీ పిల్లల్నీ చంపింది పరాయివాళ్ళు కాదు, సొంత మగవాళ్ళే. 18వ శతాబ్దంలోనే రాబర్ట్ ఆర్మ్ అనే ఇంగ్లీషాయన ఈ సంగతి రాసిపెట్టాడు. ఎవరి ఇంటికి వాళ్ళే నిప్పు పెట్టుకున్నారట. మంటల్లోంచి తప్పించుకోబోయిన ఆడదాన్నీ, పిల్లనీ పొడిచేశారట.

తప్పించుకోబోయిన, అన్నమాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మనకి చిన్నప్పటినుంచీ చెప్పిన కథ ఏమిటి? బొబ్బిలి ఆడవాళ్ళందరూ మానం కోసం నవ్వుతూ ప్రాణాలిచ్చారని. నవ్వుతూ ఇచ్చేవాళ్ళు గుమ్మం వైపు ఎందుకు పరుగెత్తుతారండీ? చంటిపిల్లని చంకనేసుకుని ఒక్క తల్లైనా "నాకు చావాలని లేదు" అని ఉండదా? ఆ గొంతు ఏ బొమ్మలో ఉంది? నేను చూసిన క్యాన్వాసుల్లో గుర్రం కంట్లో మెరుపు కూడా కనిపిస్తుంది గానీ ఒక్క ఆడమనిషి కనిపించలేదు. వాళ్ళని కాల్చిన మంట మాత్రం ఉంది, అలంకారానికి!

ఇంటికొచ్చి ఈ మాటంటే మావారు పేపరు దించి, "నీకు ప్రతిదాంట్లోనూ పేచీయే. తాండ్ర పాపారాయుడు మన రాజాం మనిషి. ఆ పౌరుషం పిల్లలకి తెలియొద్దూ?" అన్నారు.

తెలియాలి. నేను కాదన్నానా? యుద్ధంనాడు ఆయన ఈ రాజాంలోనే ఉన్నాడనీ, కబురు తెలిసి వెళ్ళేసరికి అంతా బూడిదై ఉందనీ, డేరాలో జొరబడి విజయరామరాజుని పొడిచాడనీ మా అమ్మమ్మ చెబుతుంటే ఒళ్ళు జలదరించేది. (ఆ పాపారాయుడి రాజాం 2022 నుంచి విజయనగరం జిల్లాలో ఉంది. ఆయనకి తెలిస్తే ఏమనేవాడో!) కానీ అమ్మమ్మ కథలో మల్లమ్మ ఉండేది, ఆమె దగ్గరికొచ్చేసరికి అమ్మమ్మ గొంతు తగ్గేది. క్యాన్వాసుకి గొంతు తగ్గించడం రాదు. పైగా అందులో ఉన్నది పాపారాయుడేనా? 1757లో ఫొటోలెక్కడివి? 1964 సినిమాలో ఎస్.వి. రంగారావునీ, 1986 సినిమాలో కృష్ణంరాజునీ కలిపి మీసం దిద్దినట్టున్నాడు. దాన్ని చరిత్ర అంటే ఎలా?

"అయితే బొబ్బిలిలో స్తంభం కట్టలేదా?" అన్నారు మళ్ళీ. కట్టారు, 1891లో. దాన్ని చూడాలంటే పనిగట్టుకుని వెళ్తాం, చెప్పులు విప్పకపోయినా కాసేపు మాట తగ్గిస్తాం. దానికింద కూర్చుని పకోడీలు తింటూ టీవీ చూడం కదా! రవివర్మ ప్రెస్సు నుంచి వచ్చిన లక్ష్మీ సరస్వతుల పటాలు మన అమ్మమ్మల ఇళ్ళలోనూ ఉండేవి. అవి అచ్చు బొమ్మలే. కానీ రోజూ తుడిచి బొట్టు పెట్టేవారు, ఆ బొమ్మ ఎవరిదో ఇంట్లో పసిపిల్లకి కూడా తెలుసు. ఇప్పుడు అడుగుల లెక్కన కొలిచి, పరదా రంగు చూసి చరిత్ర కొంటున్నాం. దుమ్ము దులిపేది మనమే, అందులో ఏముందో చూడనిదీ మనమే.

అన్నట్టు ఆర్మ్ రాసినదాంట్లో ఇంకో సంగతుంది. అంతా అయిపోయాక ఒక ముసలాయన ఒక చిన్న పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించాడట. రంగారావు కొడుకు వీడు, తండ్రి మాట కాదని నేను దాచాను అన్నాడట. తర్వాత బొబ్బిలి గద్దె నిలిచింది ఆ పిల్లవాడి పేరుమీదే. ఆ రోజు ఆ కోటలో ఒక ప్రాణం దక్కిందంటే అది రాజాజ్ఞ మీరిన ఓ ముసలాయన చలవ. ఆయనకి కత్తీ లేదు, గుర్రమూ లేదు. అందుకే కాబోలు ఆయన బొమ్మ ఏ షాపులోనూ కనపడదు.

మేనకోడలికి ఆ రాత్రే ఫోనులో ఈ కథ చెప్పాను. మంటల్లో ఎవరున్నారో కూడా చెప్పాను. వదినకి కోపం వచ్చిందని తెలిసింది, రానీ. ఆ ముసలాయనా ఆ పిల్లవాడూ ఉన్న బొమ్మ ఎవరైనా వేసి అమ్మితే నేనే ముందు కొంటాను. మా సోఫాది ఆకుపచ్చ. సరిపోకపోయినా ఫరవాలేదు.